నీళ్ళు ఎక్కని చోటు

లాలి ఎక్కడికి పోయినా ముందు చూసేది ఎత్తు. చుట్టాలింటికి పోతే వాళ్ళ గడప రోడ్డుకంటే పైనుందా కిందుందా అని చూస్తుంది. బస్సు వాగు దాటుతుంటే కిటికీలోంచి మెడ చాచి వంతెన కింద నీళ్ళు ఎంత లోతున పోతున్నాయో చూస్తుంది. పాల్వంచలో కిరాయికి గది వెతికినప్పుడు కుళాయి గురించి, కరెంటు గురించి ధన్‌సింగ్ అడిగాడు. ఆమె మాత్రం ఒక్కటే అడిగింది.

"వానకాలం ఈ గల్లీల నీళ్ళు నిలుస్తయా?"

ఇంటామె నవ్వింది గానీ ధన్‌సింగ్ నవ్వలేదు. పెళ్ళాం ఎందుకట్లా అడుగుతుందో అతనికి తెలుసు.

లాలి పుట్టింది కారేపల్లి దగ్గరి తండాలో. పెళ్ళయిన కొత్తలో అత్త గోరితో, ధన్‌సింగ్‌తో కలిసి గోదావరి ఒడ్డున కౌలుకు పొలం చేసేది. ఎనభై ఆరు వరద వచ్చేనాటికి కొడుకు జగదీష్ చంకలో ఉన్నాడు. నీళ్ళు పట్టపగలే వచ్చాయి. హోరెత్తుకుంటూ రాలేదు. పొలం గట్ల సందుల్లోంచి పాములా పాకి వచ్చాయి. చూస్తుండగానే మడమలు మునిగాయి, మోకాళ్ళు మునిగాయి. ఊళ్ళో వాళ్ళంతా బడి డాబా ఎక్కారు. గోరి కూడా ఎక్కింది. ఎక్కినాక బర్రె అరుపు వినపడింది.

"పలుపు ఇప్పేసొస్త. అదే ఈదుకుంటది" అని గోరి దిగింది.

బర్రె ఈదుకుంటూ పోవడం లాలి డాబా మీద నుంచి చూసింది. అత్త మాత్రం మళ్ళీ కనపడలేదు.

ఆ తర్వాత వాళ్ళు ఒడ్డు వదిలేసి పాల్వంచ చేరారు. ధన్‌సింగ్ కరెంటు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీగా కుదిరాడు. షిఫ్టు దిగి వచ్చి గది ముందు కూర్చుని, సైకిళ్ళ మీద పోయే జనాన్ని చూస్తూ, "మనకో చెలక ఉంటే..." అని మొదలుపెట్టేవాడు. ఆ మాట ఏళ్ళ తరబడి నడిచింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు, జగదీష్ కొత్తగూడెంలో మెకానిక్ పనికి కుదిరాడు. అయినా తండ్రి నోట ఆ మాట పోలేదు.

రెండువేల ఆరు ఎండాకాలంలో ధన్‌సింగ్ పెదనాన్న కొడుకు సోమ్లా ఒక కబురు తెచ్చాడు. గోదావరి వైపు అడవంచున మద్దిగుంపు అని ఒక గూడెం. అక్కడ పగిడయ్య అనే కోయ రైతు భూమి అమ్ముతున్నాడు. ఇప్పపూలు ఏరడానికి పోయినప్పుడు ఎలుగుబంటి మీదపడి అతని కుడి భుజం చీరేసింది. ప్రాణం దక్కింది గానీ నాగలి పట్టే చెయ్యి పోయింది. ఏజెన్సీ భూమి గిరిజనులకు తప్ప వేరేవాళ్ళకు అమ్మడానికి లేదు. వీళ్ళు లంబాడీలు కాబట్టి అడ్డు లేదు.

"మంచి మనిషి. మాట మీద నిలబడతడు. జల్దీ పోయి చూడుండ్రి" అన్నాడు సోమ్లా.

మరుసటి ఆదివారమే ఇద్దరూ బస్సెక్కారు.

పగిడయ్య గూడెం చివర ఎదురొచ్చి తీసుకుపోయాడు. సన్నటి మనిషి. కుడి చెయ్యి కడుపుకు ఆనించి పట్టుకుని నడుస్తున్నాడు. భార్య కన్నమ్మ అతని వెనకే వచ్చింది. భూమి ఒక్కటే ముక్క కాదు. వాగు ఒడ్డున రేగడి ఉంది. దానికి ఎగువన గుట్ట వాలు మీద వానకు మాత్రమే పండే ఎర్ర చెలక ఉంది. రెండింటి నడుమ, గుట్ట భుజం లాంటి చోట, ఒక చదునైన బండ ఉంది. ఏది కావాలంటే అది తీసుకోమన్నాడు పగిడయ్య.

ధన్‌సింగ్ రేగడిలోకి దిగి ఒక గడ్డ చేతిలోకి తీసుకున్నాడు. నలిపితే పిండిలా రాలింది. లాలి భయంగా అతని మొహం చూసింది. ఇరవై ఏళ్ళలో ఆ మొహంలో అంత వెలుగు ఆమె చూడలేదు.

"ఇది మిర్చి భూమే" అన్నాడు ధన్‌సింగ్. "వాగు పక్కనే ఉంది. ఎడ్లబండి చేను దాక వస్తది. ఇంకేం గావాలె?"

లాలి వాగు వైపు చూసింది. ఎండాకాలం కాబట్టి ఇసుకలో చెలమలు తప్ప నీళ్ళు లేవు. ఒడ్డున పెద్ద మద్దిచెట్టు ఉంది.

"అన్నా, గోదారి పొంగితే ఈ వాగు ఎనక్కి తంతదా?" అని పగిడయ్యను అడిగింది.

పగిడయ్య దాచలేదు. "తంతది చెల్లె. ఎనభై ఆరుల ఆ మద్ది పంగ దాక వచ్చినయ్. తొంభైల గూడ వచ్చినయ్ గని, గంత రాలె. గట్ల వచ్చుడు ఎప్పుడో ఒకసారి."

"ఎప్పుడో ఒకసారి వస్తదని ఏటా పండే భూమిని ఇడిచిపెడతమా?" అన్నాడు ధన్‌సింగ్.

"మీ అమ్మ గూడ ఒక్కసారే పోయింది" అంది లాలి.

ధన్‌సింగ్ చేతిలోని మట్టి దులుపుకున్నాడు. అందరూ గుట్ట ఎక్కారు. పైన నేల గరపగా ఉంది. కాలు పెడితే చిన్న రాళ్ళు జారుతున్నాయి. నేల లోతు జానెడు కూడా ఉండదేమో. తాగడానికి చుక్క నీళ్ళు లేవు, బావి తవ్వితే బండ తగులుతుందని పగిడయ్యే చెప్పాడు. అడవి ఆనుకునే ఉంది. పందులు, కోతులు, అప్పుడప్పుడు ఎలుగు. జొన్న, కంది వస్తాయి, జీడిమామిడి పెట్టుకోవచ్చు, అంతకుమించి ఆశ పెట్టుకోవద్దన్నాడు. అయినా లాలి అక్కడ నిలబడి కిందికి చూసింది. వాగు దారప్పోగులా ఉంది. దూరాన గోదావరి ఇసుక ఎండలో మెరుస్తోంది. చాలా ఏళ్ళ తర్వాత ఊపిరి కడుపు దాకా పోయినట్టు అనిపించింది ఆమెకు.

"ఇదే" అంది.

తిరుగు బస్సులో మొగుడూ పెళ్ళాం తమ లంబాడీ మాటలోనే పోట్లాడుకున్నారు. పక్క సీట్ల వాళ్ళకు మాటలు అర్థం కాకపోయినా సంగతి అర్థమయ్యే ఉంటుంది.

"నువ్వు భూమి కొంటున్నవా, మంచె కొంటున్నవా?" అన్నాడు ధన్‌సింగ్.

"మంచె మీద ఉన్నోడే కదా పంట కాపాడుకునేది."

"పంటే లేని కాడ ఏం కాపాడుకుంటవ్?"

ఆమె ఒప్పుకోలేదు. వారం రోజులు ఇంట్లో మాటలు కరువయ్యాయి. చివరికి ధన్‌సింగే దిగివచ్చాడు. రేగడి కొంటే ప్రతి వానకూ ఈమె నిద్ర పోదు, నన్ను పోనివ్వదు అనుకున్నాడేమో. పై చెలక, నడుమ ఉన్న చదును బండ కలిపి తీసుకుందామన్నాడు. బండ లేకపోతే ఇల్లు ఎక్కడ వేసుకుంటాం, కల్లం ఎక్కడ చేసుకుంటాం అన్నాడు. అది సబబుగానే అనిపించింది లాలికి.

మళ్ళీ మద్దిగుంపు పోయి ఆ మాట చెప్పారు. పగిడయ్య వెంటనే ఒప్పుకోలేదు. ఒకసారి భార్య వైపు చూశాడు. కన్నమ్మ చేతిలో ఉన్న చాట పట్టుకుని లోపలికి పోయింది. అప్పుడు పగిడయ్య, "సరే తియ్యుండ్రి. దసరా ఎల్లినంక కాయితాలు జేసుకుందం" అన్నాడు.

ధన్‌సింగ్ సంతోషంగా అతని ఎడమ చెయ్యి పట్టుకున్నాడు. లాలికి మాత్రం కన్నమ్మ లోపలికి పోవడమే కళ్ళకు కట్టినట్టు ఉండిపోయింది. ఆమె మళ్ళీ బయటికి రాలేదు. పోయొస్తమంటే లోపలి నుంచే "మంచిది" అంది.

ఆ రోజు నుంచి లాలికి కొత్త దిగులు పట్టుకుంది. ఆ బండలో ఏదో తిరకాసు ఉంది. అన్నదమ్ముల తగాదానా? అక్కడ ఏమన్నా చెడు జరిగిందా? ఇంకెవరికైనా మాట ఇచ్చారా? ధన్‌సింగ్‌ను అడిగితే విసుక్కున్నాడు.

"కింద అంటే వరద అంటివి. పైన అంటే తిరకాసు అంటున్నవ్. ఆకాశంల కొందమా?"

ఆమె పైకి నవ్వింది. రొట్టెలు కాలుస్తున్నా, రోడ్డు పనికి పోయి తట్ట మోస్తున్నా ఆ చాట, ఆ వీపు గుర్తొస్తూనే ఉన్నాయి. ఒంటరిగా పోయి కన్నమ్మనే అడుగుదామని రెండుసార్లు బయల్దేరి, బస్టాండు దాకా పోయి వెనక్కి వచ్చింది. అడిగితే ఏం చెబుతుందోనని భయం. చెబితే భూమి పోతుందేమోనని ఇంకో భయం.

ఆషాఢంలో వానలు పట్టుకున్నాయి. పగిడయ్య సరేనన్నాడు కాబట్టి ధన్‌సింగ్ పై చెలకలో ఒక చిన్న పాక వేశాడు. సెలవు దొరికినప్పుడల్లా పోయి జీడిమొక్కలకు గుంతలు తీస్తున్నాడు. పాక వేసిన చోటు లాలి చూపించిందే. వాలులో కొంచెం లోపలికి ఒదిగి, గాలి తగలకుండా ఉండే పల్లం. ఇల్లు కూడా అక్కడే కట్టుకుందామనుకున్నారు.

ఆగస్టు మొదట్లో, మబ్బు వీడని ఒక పొద్దున ధన్‌సింగ్ మొక్కలు తీసుకుని పోయాడు. సాయంత్రానికి వస్తానన్నాడు, రాలేదు. మర్నాడూ రాలేదు. పక్కింటి టీవీలో భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని చెబుతున్నారు. స్నానఘట్టం మెట్లు మునిగాయన్నారు. కింది ఊళ్ళను ఖాళీ చేయిస్తున్నామన్నారు. లాలి తెరకేసి చూస్తూ నిలబడింది. తెర మీద ఎర్రటి నీళ్ళు, వాటి మీద ఎవరిదో ఇంటి కప్పు. పక్కింటామె ఏదో అంటోంది. ఆమెకు వినపడలేదు.

"పైన ఉంటడు. పైనే ఉంటడు" అని తనకు తానే చెప్పుకుంది. కానీ ధన్‌సింగ్ ఎట్లాంటివాడో ఆమెకు తెలుసు. గోరి కొడుకు. ఎక్కడైనా పశువు అరిస్తే దిగుతాడు.

కొంగు నడుముకు చుట్టి బస్సెక్కింది. బూర్గంపాడు ఇంకా రాకముందే బస్సు ఆగిపోయింది. ముందర రోడ్డు లేదు. ఉన్నదల్లా నీళ్ళే. డ్రైవర్ దిగి బీడీ వెలిగించుకుని, "ఇంతే అమ్మా, ఇక ఎనక్కే" అన్నాడు. అటువైపు పోవలసిన గూడేల ఆడవాళ్ళు కొందరు దిగి, గుట్టల మీది అడ్డదారి పట్టారు. లాలి వాళ్ళ వెంట పడింది. "మద్దిగుంపు" అంటే ఒకామె తల ఊపి, రమ్మన్నట్టు చెయ్యి చూపింది. వాన కొడుతూనే ఉంది. బురదలో కాళ్ళు జారుతుంటే పొదలు పట్టుకుని ఎక్కింది. ఎలుగు మాట గుర్తొచ్చింది గానీ దానికి భయపడే తీరిక లేదు. కొండ మీద ఒక చోట ఆ ఆడవాళ్ళు తమ దారిన పోతూ, కిందికి దిగితే మద్దిగుంపు వస్తుందని చూపించారు.

అట్లా లాలి తను కొనబోయే భూమిలోకి మొదటిసారి పై నుంచి దిగింది.

దిగుతుండగా ఒక చప్పుడు వినపడింది. ముందు అది కింద వాగు చప్పుడనుకుంది. కాదు, పక్కనే ఉంది. నాలుగడుగులు వేసేసరికి కనపడింది. కొండ మీద పడ్డ వాన అంతా ఒక్కచోట చేరి, చెలక నడుమ నుంచి రాళ్ళను దొర్లించుకుంటూ దూకుతోంది. ఎండాకాలంలో తను మురిసిపోయిన ఆ పల్లం ఇప్పుడు ఎర్రటి ఒర్రె అయిపోయింది. జీడి గుంతలు లేవు. పాక లేదు. ఒక గుంజ మాత్రం పక్కకు ఒరిగి నీళ్ళలో వణుకుతోంది.

లాలి అక్కడే కూలబడింది. ఇరవై ఏళ్ళుగా ఆమె నీళ్ళు కింద నుంచి వస్తాయని కాచుకుంది. పై నుంచి వస్తాయని ఒక్కనాడూ అనుకోలేదు. ఈ చోటు చూపించింది తనే. మొగుణ్ణి పోట్లాడి మరీ ఇక్కడికి పంపింది తనే. "జగదీష్ బాపూ" అని అరిచింది. ఒర్రె హోరులో తన గొంతు తనకే వినపడలేదు. మళ్ళీ అరిచింది. రాళ్ళు దొర్లుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎంతసేపు అరిచిందో తెలియదు. వాన కొంచెం సన్నబడ్డప్పుడు కింద నుంచి ఎడ్ల మెడ గంటలు వినపడ్డాయి. తర్వాత పొగ వాసన వచ్చింది. లాలి లేచి, ఒర్రెకు దూరంగా, గుంజుకుపోయే బురదలో పాకుతూ దేకుతూ దిగింది.

చదును బండ మీద గూడెం గూడెమంతా ఉంది. ఎడ్లు, మేకలు, గంపల కింద కోళ్ళు, ధాన్యం మూటలు, ముసలివాళ్ళు, పసిపిల్లలు. నాలుగు గుంజలకు పరదా కట్టి ఉంది. దాని కింద పొయ్యి మీద జావ ఉడుకుతోంది. పరదా ఎగిరిపోకుండా ఒక కొన పట్టుకుని నిలబడ్డ మనిషి ధన్‌సింగ్. ఒంటి నిండా మట్టి, మోచెయ్యి దోక్కుపోయి ఉంది.

ఆమెను చూసి కంగారుపడ్డాడు. "నువ్వెట్లొచ్చినవ్? రోడ్డు లేదు కద?"

లాలి దగ్గరికి పోయి అతని భుజం మీద గట్టిగా ఒక దెబ్బ వేసింది. తర్వాత ఏడ్చింది. ధన్‌సింగ్ పరదా వదలలేక అట్లాగే నిలబడి, "ఏం గాలె, ఏం గాలె" అంటూ ఉన్నాడు. పాక కొట్టుకుపోయినప్పుడు అతను అందులో లేడు. వాగు వెనక్కి తన్నుతోందని కేకలు వినపడి గూడెంలోకి పోయి, పగిడయ్య ఎడ్లను పైకి తోలుకొచ్చాడు.

బండ అంచు నుంచి లాలి కిందికి చూసింది. రేగడి లేదు, వాగు లేదు, గూడెం లేదు. మద్దిచెట్టు తల మాత్రం నీళ్ళ మీద పొదలా కనపడుతోంది. తన భయం నిజమైంది. అయినా ఆమెకు సంతోషం ఇంతైనా కలగలేదు. పగిడయ్య ఆ నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాడు. మునిగింది అతని ఇల్లు.

కన్నమ్మ దొప్పలో జావ పోసి తెచ్చి లాలికి ఇచ్చింది. లాలి రెండు గుక్కలు తాగాక అడిగింది.

"వదినా, ఆ దినం నువ్వు ఎందుకు లోపలికి పోయినవ్?"

కన్నమ్మ పక్కన కూర్చుంది. తర్వాత మెల్లగా చెప్పింది.

"ఎనభై ఆరుల మేము ఈడనే ఉన్నం. నా చిన్న బిడ్డ ఈ బండ మీదనే పుట్టింది. తొంభైల గూడ ఈడనే ఉన్నం. గుట్ట మీద ఒర్రెలు తంతయ్, కింద వాగు తంతది. రెండూ రాని జాగ ఇదొక్కటే. మీరు కొన్నంక కంచె ఏసుకుంటరు, ఇల్లు కట్టుకుంటరు. మీది మీరు జేసుకుంటరు, తప్పేముంది? మళ్ళొస్తె మేమేడికి పోవాలె అనిపించింది."

"మరి చెప్పకపోతివి?"

"ఆయన భుజం జూసి చెప్పలేకపోయిన. అమ్మకుంటె ఎట్ల గడుస్తది?"

లాలి చేతిలో జావ చల్లారిపోయింది. రెండు నెలలుగా ఆ బండలో ఏ మోసం ఉందోనని తను కుమిలిపోయింది. చుట్టూ చూసింది. ఒక ముసలామె మేకపిల్లను ఒళ్ళో పెట్టుకుని కునుకుతోంది. ఎనభై ఆరు వరద నాడు ఆ బడి డాబా ఎవరిదో ఒకరి సొంతమై, తలుపు వేసి ఉంటే?

నీళ్ళు తీసి, దారులు తెరుచుకున్నాక ఇద్దరూ పాల్వంచ వచ్చారు. లాలి మొదటిరోజే చెప్పేసింది.

"ఆ బండ మనకొద్దు."

ధన్‌సింగ్‌కు కోపం వచ్చింది, రాక ఏం చేస్తుంది? "నీ ఎత్తు కోసమే కద నేను రేగడి ఇడిసింది! ఇప్పుడు బండ గూడ ఇడిస్తె మిగిలేదేంది, ఒర్రెనా?"

"ఆళ్ళ పానాలు దానిమీద ఉన్నయ్."

"మనయి లెవ్వా?"

ఈసారి పోట్లాట చాలా రోజులు సాగింది. అతని మాటలోనూ న్యాయం ఉంది. అది ఆమెకు తెలుసు కాబట్టే గట్టిగా అరవలేకపోయింది. మొత్తానికి బేరమే మానుకుందామన్నాడు ధన్‌సింగ్. సోమ్లా వచ్చి సర్దిచెప్పబోతే అతనితోనూ మాట్లాడలేదు. దసరా దాటిపోయింది. భూమి ఇక రాదనే అనుకుంది లాలి.

దీపావళి ముందు పగిడయ్యే పాల్వంచ వచ్చాడు. కన్నమ్మ అతనికి అన్నీ చెప్పినట్టుంది. గది ముందు కూర్చుని, నీళ్ళు తాగి, ఎడమ చేత్తో నేల మీద గీతలు గీసి చూపించాడు. ఒర్రెకు అవతల, బండను ఆనుకుని, వాలు తక్కువున్న చెలక ఒకటి ఉంది. మొన్నటి వానకు అది కోసుకుపోలేదు. ముందు అనుకున్నదాంట్లో సగమే ఉంటుంది. అది మీరు తీసుకోండి, బండ గూడెం అందరికీ ఉండనియ్యండి, బండ అంచున మీ ఇల్లు కట్టుకోండి అన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు.

"కింద రేగడి నేను దున్నలేను. వరద పోయినంక దానిమీద జానెడు ఒండ్రు పడ్డది. నువ్వు పాలుకు చెయ్యి తమ్మీ. గింజలు చెరిసగం."

ఒండ్రు మాట వినగానే ధన్‌సింగ్ తల ఎత్తాడు. లాలి అది గమనించింది. నవ్వు ఆపుకోవడానికి లోపలికి పోయి టీ పెట్టింది.

కాగితాలు ఆ చలికాలంలో అయ్యాయి. ఇల్లు ఎండాకాలానికి లేచింది. మట్టి గోడలు, పైన పెంకులు. ఒర్రెకు అడ్డంగా రాళ్ళు పేర్చి రెండు కట్టలు వేశారు. మరుసటి వానకు ఒకటి నిలిచింది, ఒకటి తెగింది. తెగినదాన్ని మళ్ళీ వేశారు. ధన్‌సింగ్ కాంట్రాక్టు పని ఇంకా వదల్లేదు. షిఫ్టు లేని రోజుల్లో వచ్చి రేగడిలో పడి ఉంటాడు. చెలకలో జొన్న సగం పందుల పాలైంది, కంది మాత్రం బాగానే కాసింది.

గుట్ట మీద బతుకు లాలి అనుకున్నంత నిమ్మళంగా ఏమీ లేదు. తాగే నీళ్ళకు వాగు చెలమ దాకా దిగాలి. నిండు బిందెతో ఎక్కి వచ్చేసరికి మోకాళ్ళు పట్టేస్తాయి. జ్వరమొస్తే దవాఖానాకు మంచం మీద మోసుకుపోవాలి. మబ్బు పడితే ఒకప్పుడు కింద వాగును మాత్రమే చూసేది, ఇప్పుడు పైన ఒర్రెను కూడా చూడాలి. భయం పోలేదు, రెండింతలైందని ఆమే అంటుంది. అయినా వెనక్కి పోదామని మాత్రం ఒక్కసారీ అనలేదు.

రెండో వానాకాలం మొదలయ్యే ముందు కన్నమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఎండుకట్టెలు మోసుకొచ్చి లాలి ఇంటి చూరు కింద పేర్చారు. నీళ్ళొస్తే బండ మీద పొయ్యికి పనికొస్తాయని.

"తడవకుండ జూడు వదినా" అంది కన్నమ్మ.

"చూస్త గని, ఇంకో మోపు తెండ్రి" అంది లాలి. "పోయినసారి జావ సగమే ఉడికింది."